లేవి పెట్టిన అమ్మ

మా గట్టుమూలలో లేవికి ఉన్నంత అనుమానం ఇంకెవరికీ లేదు. "ఎండ కాస్తాంది గదప్పా" అంటే కూడా తలెత్తి ఒకసారి ఆకాశం చూసి గానీ ఔననేవాడు కాదు. కర్బూజ కాయ చేతిలోకి తీసుకుంటే ముక్కు దగ్గర పెట్టుకుని, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ ముక్కు దగ్గరికే తెచ్చి, అప్పుడు గంపలో వేసేవాడు. కొనేవాళ్లు విసుక్కుని పోయినా తొందరపడేవాడు కాదు. అలాంటి మనిషి ఊరంతా కలిసి చెప్పిన ఒక్క మాటను మాత్రం వాసన చూడకుండా నమ్మాడు. ఆ మాట సంగతి చెప్తాను. నాకూ పూర్తిగా అర్థమయిందని మాత్రం అనుకోవద్దు.

గట్టుమూల నందికొట్కూరు తాలూకాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. ఒడ్డున ఉందనే గానీ మా చేలకు ఆ నీళ్లు ఎక్కవు. గట్టు ఎత్తు, ఏరు లోతు. పక్కన ఏరు పారుతుంటే మేము మబ్బు కోసం మెడలు నొప్పి పుట్టేలా చూసేవాళ్లం. ఆ ఏటి నడుమ ఒక తిప్ప ఉంది. నడితిప్ప అంటాం. మధ్యలో ఒక పెద్ద బండ, బండ సందులో ఒక కానుగ చెట్టు, చుట్టూ ఇసుక. వానాకాలం ఏరొచ్చి ఇసుకంతా ముంచేస్తుంది, బండ మాత్రం తేలి ఉంటుంది. నీళ్లు తీశాక ఇసుక ఏ పక్కకు జరిగితే ఆ ఏడాదికి అదే తిప్ప.

ఊళ్లోవాళ్లు అక్కడ రెల్లు కోసుకునేవాళ్లు, బర్రెలను ఈదించి మేపుకునేవాళ్లు. ఇసుకలో కర్బూజ పెట్టేది మాత్రం గేరి వాళ్లే. గేరి అంటే ఊరి బయట ఉన్న కిరస్తానీల ఇళ్లు. లేవి తండ్రి అందరికంటే ముందు అక్కడ గుంత తవ్వాడు. తేమ తగిలేదాకా ఇసుక తీసి, అందులో గొర్రె ఎరువు పోసి, గింజ పెట్టి, ఎండలు ముదిరేదాకా కడవతో నీళ్లు పోస్తూ ఉండాలి. తండ్రి తరవాత లేవి అదే పని చేశాడు. సెంటు భూమి లేని మనిషికి ఏడాదిలో సగం తిండి ఆ ఇసుకే పెట్టేది.

తిండి ఒక్కటే కాదు. ఊళ్లోకి వస్తే లేవి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. పెద్ద రైతు ఎదురైతే దారి దిగి పక్కన నిలబడేవాడు. తిప్ప మీద దారే లేదు, కాబట్టి దిగే పనీ లేదు. అక్కడ మాత్రం చెప్పులు తొడుక్కుని తిరిగేవాడు. ఇసుకలో చెప్పులేందని భార్య విశ్వాసమ్మ నవ్వేది. "ఉండనీలే. ఈడన్నా ఉండనీ" అనేవాడు.

గేరి గుడిలో, అంటే చర్చిలో, ప్రార్థనలు చేయించే ఉపదేశి దాసన్నకు వేళాకోళం కొంచెం ఎక్కువ. "బైబిల్లో లేవి గోత్రానికి భూమిలో వంతు లేదు. నీకు పేరు పెట్టినోడు చూసే పెట్టినాడు" అని నవ్వేవాడు. లేవి నవ్వేవాడు కాదు. తిప్ప భూమి కిందికి వస్తుందా, నీళ్ల కిందికి వస్తుందా అని అడిగేవాడు. దాసన్న పాటల పుస్తకం తెరిచేవాడు.

యాభై మూడులో కర్నూలు రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు పెట్టారు. ఎక్కడెక్కడి గుమాస్తాలో వచ్చి మా ఎండకు తాళలేక చన్నీళ్లు, కర్బూజలు తప్ప వేరే మాట ఎత్తేవాళ్లు కాదు. లేవి గంపలకు గిరాకీ పెరిగింది. ఊరి బండ్ల మీద కాయలు తీసుకుపోయి గుడారాల దగ్గర కూర్చునేవాడు. వాసన చూసి చూసి ఇచ్చేవాడు.

ఆ కొనేవాళ్లలో పంపాపతి గారొకరు. పడమటి తాలూకాల్లో పత్తి మిల్లులు, నూనె మిల్లులు ఉన్న కోటీశ్వరుడు. అప్పట్లో దుడ్లున్నవాళ్లందరూ రాజధాని చుట్టూ బీడు కనపడితే చాలు కొనేస్తున్నారని మా బడి అయ్యవారు పేపరు చదివి చెప్పేవాడు. పంపాపతి గారు కూడా కొంటున్నారు. కానీ ఆయనకు ఉబ్బసం. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఊపిరి అందదు. లేవి దగ్గర కాయ కోయించుకుని తిని, ఇది ఏ ఊరి కాయ అని అడిగారు. లేవి చెప్పాడు. మరుసటి వారం ఆయన కారు మా గట్టు మీద ఆగింది.

ఏరు దాటించే గుండ్రటి తోలు పడవ, పుట్టి నడిపే పెద్ద ఈరన్న ఆయన్ను తిప్పకు చేర్చాడు. లేవి తన గుంతలన్నీ తిప్పి చూపించాడు. పంపాపతి గారు కానుగ చెట్టు కింద కూర్చున్నారు. అలాగే వెనక్కి వాలి నిద్రపోయారు. దగ్గు లేకుండా నిద్రపోయి చాలా కాలమైందని లేచాక చెప్పారట.

"ఇది ఎవరిదప్పా?" అని అడిగారు.

లేవి అలవాటు ప్రకారం ఆలోచించాడు. "ఎవురిదీ కాదు సామీ. ఏటిది" అన్నాడు.

"ఎవరిదీ కాని భూమి ఉండదప్పా" అని ఆయన నవ్వారు. అందులో ఏముందో లేవికి తెలియలేదు. ఒక గంప కాయలు కారులో పెట్టి పంపించాడు.

ఆ ఏడు ఏరు వచ్చింది, పోయింది. గింజలు పెట్టే వేళకు లేవి సంచి తీసుకుని తిప్పకు పోతే ఇసుక అంచున రాతి కూసాలు పాతి, వాటికి ముళ్లతీగ బిగిస్తున్నారు. ఎవరో బయటి ఊరి కూలీలు. పంపాపతి గారు తిప్ప కొన్నారని, బంగళా కట్టిస్తారని, లోపలికి రావద్దని చెప్పారు. నవాబుల కాలంలో ఆ తిప్ప ఎవరికో ఇనాంగా ఇచ్చారట. ఆ వంశం వాడొకడు హైదరాబాదులో ఉన్నాడట. వాడు ఎన్నడూ చూడని తిప్పను అమ్మాడు, ఈయన కొన్నాడు. లేవి గింజల సంచితో అదే పుట్టిలో వెనక్కి వచ్చాడు.

అప్పుడు మా ఊరికి కోపం వచ్చింది. ఎట్లాంటి కోపం అంటే, మొన్న కరువులో గంజి కేంద్రం ముందు వరసగా నిలబడ్డప్పుడు కూడా రాని కోపం. ఆ తిప్ప మొహం పదేళ్లుగా చూడనివాళ్లు కూడా చావిడి దగ్గరికి వచ్చి తొడలు కొట్టుకున్నారు. అందరికంటే పెద్ద గొంతు తిమ్మయ్యది. ఊళ్లో ఆయనే పెద్ద రైతు.

"ఏటి నడుమ భూమి కొన్నాడంటే రేపు ఏరు కొంటాడు. ఎల్లుండి వాన కొంటాడు. మనం మొగం కడగాలన్నా ఆయప్పను అడిగి కడగాల్నా?" అన్నాడు తిమ్మయ్య.

"ఆయప్పకు ఊళ్లు శాల్లేదంటనా, దీవులు కొనేకి వచ్చినాడు?" అని ఇంకొకడు.

"దగ్గుకు మందు తాగాల గానీ తిప్ప తాగుతారా ఎవురైనా?" అని ఇంకొకడు.

లేవి ఎప్పటిలా చావిడికి దూరంగా నిలబడి ఉన్నాడు. తిమ్మయ్య చూసి, "ఆడెందుకురా నిలబడినావు? ఇట్ల రా. ముందు పోయేది నీ కూడే గదా" అన్నాడు. లేవి వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా పిలుస్తున్నారేమోనని. తననే అని తెలిశాక వచ్చి చావిడి మెట్టు మీద కూర్చున్నాడు. మా ఊరి చావిడి మెట్టు మీద గేరి మనిషి కూర్చోవడం అదే మొదలు. అతని మొహంలో సంతోషం కంటే కంగారే ఎక్కువ కనిపించింది.

మర్నాడు ఊరు ఊరంతా పోయి కూసాలు పీకి ఏట్లో పారేసింది. పోలీసులు వచ్చి కొందరిని నందికొట్కూరు తీసుకుపోయి, మందలించి వదిలేశారు. కూసాలు మళ్లీ లేచాయి. తాలూకా ఆఫీసులో మొర పెట్టుకుంటే కొన్న భూమికి మేమేం చేస్తామన్నారు. కోపం అట్లాగే ఉంది, దాన్ని ఎక్కడ దింపాలో తెలియడం లేదు.

దారి చూపించింది పెద్ద ఈరన్న. రోజంతా నీళ్ల మీద ఉండే మనిషి, తక్కువ మాట్లాడతాడు.

"అడవి దావలో రోడ్డేసేటప్పుడు ఏమాయ? పుట్ట అడ్డమొస్తే రోడ్డే వంకర పోయ. తిప్ప మీద అమ్మను పెట్టండి. అమ్మ ఉండే కాడ బంగళా ఎవురు కడ్తారు?" అన్నాడు.

అందరికీ నచ్చింది. నచ్చిన తరవాతే భయం పట్టుకుంది. అమ్మను పెట్టడమంటే మాటలా? ముహూర్తం లేక, బలి లేక, ఊరికే ఒక రాయి తీసుకొచ్చి అమ్మ అంటే, నిజంగా అమ్మకు కోపం వస్తే? పెట్టినవాడి ఇల్లు నిలుస్తుందా? అది అబద్ధపు అమ్మ అని తెలిసి కూడా ముట్టుకోవడానికి ఒక్కడు ముందుకు రాలేదు. తిమ్మయ్య పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. చూపులన్నీ ఒక్కొక్కటే మెట్టు మీదికి తిరిగాయి.

"లేవీ, నీవు ఏసును నమ్ముకున్నోనివి. అమ్మ నీ జోలికి రాదు. నీవు పెట్టు" అన్నాడు తిమ్మయ్య.

లేవి మెట్టు మీంచి లేచి నిలబడ్డాడు. "మల్ల నేను గుంతలు పెట్టుకోవచ్చునా అయ్యా?" అని ఒక్కటే అడిగాడు.

"నీ తిప్ప నీకుండాలనే గదరా ఇదంతా" అన్నాడు తిమ్మయ్య. ఔనౌనని అందరం అన్నాం. లేవి వాసన చూడకుండా నమ్మింది ఆ మాటనే.

ఇంటికి పోయి చెప్తే విశ్వాసమ్మ చేటలో గింజలు చెరగడం ఆపింది. "ఊరోళ్లకు బయమైన పని నీకెందుకు?" అంది.

"నాకు బయం లేదు గదా."

"నీకు బయం లేదని ఊరోళ్లే చెప్పినారా?"

లేవి తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. కాయలు ఏరేటప్పుడు తాను కూర్చునే నల్ల రాయి ఒకటి తిప్ప మీద ఉంది. నున్నగా, మోకాలెత్తు ఉంటుంది. పొద్దున్నే ఈరన్న పుట్టిలో పోయి, ఆ రాయిని దొర్లించి, ఎత్తి, బండ మీద కానుగ మొదట్లో నిలబెట్టాడు. ఈరన్న పుట్టి దిగలేదు. నీళ్లలోనుంచే సలహాలు ఇచ్చాడు.

"పసుపు బాగా పూయి లేవీ. వట్టిగా పూస్తే అమ్మ మాదిరి కనపడదు."

"కండ్లు యాడ పెట్టాల?"

"నాకేం తెలుసప్పా? నీకు తోచిన కాడ పెట్టు."

లేవి కుంకంతో కళ్లు పెట్టాడు. ఎడమ కన్ను కొంచెం కిందికి దిగింది. తుడిచి మళ్లీ పెడదామా అంటే, పెట్టిన కన్ను తుడవకూడదప్పా అన్నాడు ఈరన్న. లేవి అట్లాగే వదిలేశాడు.

పసుపు అంత తొందరగా వదలదు. ఆదివారం గుడిలో పాటల పుస్తకం పట్టుకున్న వేళ్లు చూసి దాసన్న పాట ఆపేశాడు. ఊరంతటికీ తెలిసిన సంగతి దాసన్నకు తెలియకుండా ఉంటుందా?

"నేను మొక్కలేదయ్యా. పూసినా, అంతే" అన్నాడు లేవి.

"పూసినోనికీ మొక్కినోనికీ తేడా దేవుడు చూసుకుంటాడు. నేను మాత్రం పాస్టరుకు చెప్తా. తప్పు ఒప్పుకునేదాకా నీకు సంస్కారం లేదు" అన్నాడు దాసన్న. సంస్కారం అంటే ప్రభువు పేరున ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. గేరిలో అది దొరకని మనిషి బతికున్నా లెక్కలో ఉండడు. లేవి తల దించుకుని, తిప్ప దక్కాక తప్పు ఒప్పుకుందాంలే అనుకున్నాడు.

పంపాపతి గారు వస్తున్నారని కబురు అందింది. మేమందరం గట్టు మీద చేరాం. కోటీశ్వరుడు బిత్తరపోయి వెనక్కి తిరిగితే చూడాలని అందరికీ ఆశ. ఈరన్న పుట్టిలో ఆయన తిప్పకు చేరి, కూసాలు దాటి, బండ ఎక్కారు. రాయి ముందు నిలబడ్డారు. ఎంతసేపటికీ కదలరు. తరవాత వంగి చెప్పులు విప్పారు. ఆ పెద్ద మనిషి, తెల్లటి పంచెతో, బండ మీద బోర్లా పడుకుని సాష్టాంగం చేశారు.

ఆయన ఏడ్చారని ఈరన్న తరవాత చెప్పాడు. చిన్నప్పుడు ఊపిరాడక పోతుంటే వాళ్లమ్మ ఏటి దేవతకు మొక్కుకుందట. బిడ్డ బతికితే నడి ఏట్లో గుడి కట్టిస్తానని. మొక్కు తీర్చకుండానే ఆమె పోయింది. ఇప్పుడు ఆయన కొన్న తిప్ప మీదే అమ్మ వచ్చి కూర్చుంది.

గట్టుకు వచ్చి ఆయన మాకు దండం పెట్టారు. "బంగళా కట్టుకుందామనుకున్నా. నాకంటే ముందే అమ్మ వచ్చింది. ఈ తిప్ప నాది కాదప్పా. అమ్మది. మీ అందరిది" అన్నారు. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ అన్నారు.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అంటారు. మా ఊళ్లో ఆ సామెత తిరగబడింది. పెట్టేటప్పుడు అది బోడి రాయి. పని అయిపోయాక మొక్కు మొదలయింది. అందరం ఏం చేయాలో తెలియక చూస్తుంటే తిమ్మయ్య తల్లి తిరుపతమ్మ జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది. "వచ్చినానురా. నా ఇల్లు నాకు కట్టండ్రా" అంది. తిరుపతమ్మ అబద్ధమాడే మనిషి కాదు. వయసులో పెద్దది, నిజాయితీ గల మనిషి, చావిడి మాటలేవీ ఆమె చెవిన పడి ఉండకపోవచ్చు. పడినా ఆమె ఊగడం నటన కాదు. నేను దగ్గరే ఉన్నాను. ఆమె చేయి పట్టుకుంటే కాలిపోతోంది. అందరూ చేతులు జోడించారు, నేనూ జోడించాను. లేవి ఆ రాయి మీద కూర్చుని కాయలు ఏరడం ఎన్నోసార్లు చూసిన కళ్లు నావి. ఆ కళ్లే మూసుకుని మొక్కాను. ఏమిటది అంటే ఏం చెప్పను?

లేవి మాత్రం గేరి వాళ్ల పక్కన నిలబడి నవ్వుతున్నాడు. "గెలిచినాం" అని విశ్వాసమ్మతో అన్నాడట. ఆ ఏడు ఆలస్యంగానైనా గుంతలు పెట్టాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కాయలు తియ్యగా పండాయి. పంపాపతి గారికి ఒక గంప పంపితే ఆయన అమ్మ దగ్గర పెట్టి తిన్నారని విని మురిసిపోయాడు.

ఎండాకాలంలో గుడి పని మొదలయింది. కూలి లేకుండా ఊరంతా రాళ్లు మోసింది. మేము పీకేసిన కంచె ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడే ప్రాకారం కట్టాం. కంచె అన్నప్పుడు కోపం వచ్చింది, ప్రాకారం అన్నప్పుడు పుణ్యం వచ్చింది. గుడి పక్కన పంపాపతి గారు దర్శనానికి వచ్చినప్పుడు ఉండడానికి ఒక గది, గదికి వసారా. ఏటి గాలి నేరుగా ఆ వసారాలోకే వస్తుంది. ఆయన మోసగాడని నేననను. మోసం చేయాలనుకుని ఉంటే ఇంత సులువుగా జరిగేది కాదు. లేవి కూడా రాళ్లు మోశాడు. గట్టు దాకా మోసి దించితే చాలు, తిప్ప దాకా రానక్కర్లేదన్నారు. తన కష్టం తగ్గిస్తున్నారనుకున్నాడు.

మళ్లీ ఏరు వచ్చింది, తీసింది. లేవి గింజల సంచి, ఎరువు గంప తీసుకుని గట్టుకు వచ్చాడు. ఈరన్న పుట్టి తాడు విప్పలేదు.

"ఎరువు గంప యాడికప్పా?" అన్నాడు.

"యాడికేంది? గుంతలకు."

"ఆడ అమ్మ ఉండాది గదప్పా. గేరోళ్లు మీరు ఇంగ రాగూడదంటాండారు."

"ఎవురు?"

"అందరూ."

"ఈరన్నా, ఆ రాయి తెచ్చి పెట్టిందే నేను గదా. నీవు చూస్తాంటివి."

ఈరన్న నీళ్ల వంక చూశాడు. "నేనూ అదే అనుకుంటాండా. ఎట్ల అనుకున్నా తెగడంల్యా" అన్నాడు. అతని గొంతులో వెక్కిరింత లేదు. లేవితో పాటు ఆ మనిషికి కూడా అర్థం కావడం లేదు. కానీ తాడు మాత్రం విప్పలేదు.

లేవి తిమ్మయ్య ఇంటికి పోయి వాకిట నిలబడ్డాడు. నీ తిప్ప నీకుండాలనే కదా అన్నారు అని గుర్తు చేశాడు. తిమ్మయ్యకు కోపం రాలేదు. అదే నన్ను ఈనాటికీ బాధపెట్టేది. కోప్పడి ఉంటే లేవికి తిట్టుకోవడానికి ఒకడైనా దొరికేవాడు.

"ఆ మాట అన్న్యా. కాదనడంల్యా. రాయి నీవే పెట్టినావు. అమ్మ తరవాత వచ్చింది. వచ్చినంక మన చేతుల్లో ఏముండాది చెప్పు? ఎరువులు, మీ కాళ్లు... మాయమ్మ ఊగినప్పుడు మల్ల ఏమన్నా అంటే?" అన్నాడు. "పంపాపతి గారినడుగు. ఆయప్పదే గదా తిప్ప."

లేవి కర్నూలు పోయాడు. పంపాపతి గారు అక్కడి తన మిల్లు దుకాణంలో ఉన్నారు. లేవిని గుర్తుపట్టి నీళ్లిప్పించారు. లేవి ఇక దాచలేదు. రాయి తాను పెట్టిన సంగతి, దాని మీద తాను కూర్చునే సంగతి, అంతా చెప్పాడు.

"కండ్లు కూడా నేనే పెట్టినా సామీ. ఎడమ కన్ను కిందికి దిగింది, చూసినారు గదా" అన్నాడు.

పంపాపతి గారు గుండెల మీద చేయి పెట్టుకుని ఒకసారి నిండుగా ఊపిరి తీసుకున్నారు. "అప్పట్నుంచి నాకు ఉబ్బసం తగ్గిందప్పా" అన్నారు. "నీవు పెట్టినావో, నీ చేత ఆయమ్మే పెట్టించుకుందో, అది నీకూ తెలీదు, నాకూ తెలీదు. నీ గుంతలతో నాకు తగవు లేదు. పెట్టుకో. మీ ఊరోళ్లు సరేనంటే చాలు."

లేవి ఆ మాట తెచ్చి చావిడి దగ్గర చెప్పాడు. ఈసారి మెట్టెక్కలేదు, ఎవరూ పిలవలేదు. ఆయప్ప మనసు పెద్దది, మన జాగ్రత్త మనకుండాల అన్నాడు తిమ్మయ్య. చాలామందిమి అక్కడ ఉన్నాం. ఒక్కరూ రాయి సంగతి కాదనలేదు. ఒక్కరూ లేవి తరఫున మాట్లాడలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటికొచ్చి ఎద్దును తిట్టాను.

ఎండాకాలం వచ్చేసరికి ఏట్లో నీళ్లు మోకాళ్ల దాకా దిగాయి. పుట్టి అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం, గట్టు మీద పిట్ట కూడా లేని వేళ, లేవి గింజలు తీసుకుని నడిచిపోయాడు. గింజ పెట్టే వేళ దాటిపోయిందని అతనికీ తెలుసు, అయినా పోయాడు. అడ్డగించినవాళ్లు లేరు. ప్రాకారం దాటి, తన పాత గుంతలున్న ఇసుక దాకా పోయి, వంగి గుప్పెడు ఇసుక తీశాడు. తల ఎత్తితే గుడి వాకిలి తెరిచి ఉంది. గింజలు అలాగే వెనక్కి తెచ్చాడు.

"ఎవురన్నా చూసినారా?" అని అడిగింది విశ్వాసమ్మ.

"ఎవురూ చూడల్యా."

"మరెందుకు వస్తివి?"

"ఆ కన్ను కిందికుండాది గదా" అన్నాడు లేవి. "నా దిక్కే చూస్తాండాది."

విశ్వాసమ్మకు అప్పుడు భయం వేసింది. తిప్ప పోతే కూలికి పోయి బతకొచ్చు. మొగుడు ఊరోళ్ల అమ్మకు భయపడడం మొదలుపెడితే ఇక ఎటు పోవాలి? తనే దాసన్న దగ్గరికి పోయి బతిమాలింది. పాస్టరు వచ్చే ఆదివారం నాడు లేవి అందరి ముందు నిలబడి ఒక్క మాట చెబితే చాలన్నాడు దాసన్న. ఆయనకూ లేవి అంటే ప్రేమే. వరసగా అన్ని సంస్కారాలకూ వాకిలి బయట కూర్చున్న మనిషిని లోపలికి పిలవాలని ఆయనకూ ఉంది.

ఆ ఆదివారం గేరి గుడి నిండిపోయింది. లేవి ఉతికిన పంచె కట్టుకుని ముందుకు వచ్చి నిలబడ్డాడు. పాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద రొట్టె, గిన్నె తెల్లగుడ్డ కప్పి ఉన్నాయి. జరిగింది విశ్వాసమ్మ చెప్పగా విన్నాను, అందుకని ఆమె చెప్పినట్టే చెప్తున్నాను.

"లేవీ, నీవు తిప్ప మీద పెట్టింది ఏంది?" అని అడిగాడు దాసన్న.

"రాయి."

"అందులో దేవుడు గానీ దేవత గానీ ఉండాదా?"

లేవి బల్ల మీది తెల్లగుడ్డ వైపు చూశాడు.

"ఏం లేదు, అది వట్టి రాయి అని చెప్పు. అంతే. చెప్పి కూర్చో."

లేవి నోరు తెరిచాడు. మూశాడు. వెనక ఎవరో దగ్గారు. విశ్వాసమ్మ ఆడవాళ్ల వైపు నుంచి చెప్పు చెప్పు అని పెదవులు కదిలించింది.

"అయ్యా, వట్టి రాయైతే ఊరోళ్లు నన్ను ఎందుకు పోనీడంల్యా?" అన్నాడు లేవి. "ఊరోళ్లంటే పోనీలే. నేనే పోయినా గదా. నేనెందుకు తిరిగొస్తి? అది వట్టి రాయని మీరు గట్టిగా చెప్పండి. నేను ఇప్పుడే పోయి గుంతలు తవ్వుకుంటా. నా వెనక గుడి అంతా రావాల. వస్తారా?"

దాసన్న పాస్టరు వైపు చూశాడు. పాస్టరు బల్ల మీది తెల్లగుడ్డ సర్దాడు. గేరి మగవాళ్లందరూ తిమ్మయ్య చేలల్లో కూలికి పోయేవాళ్లే. ఎవరూ లేవలేదు. లేవి కాసేపు ఒక్కొక్కరి మొహమే చూస్తూ నిలబడ్డాడు. జవాబు వస్తుందని నిజంగానే ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డాడని చెప్పింది విశ్వాసమ్మ. తరవాత వాకిలి దాటి బయట తన పాత చోట కూర్చున్నాడు. లోపల రొట్టె విరిచారు.